నాకంటే ముందు అక్క దగ్గరికి వచ్చిందెవరు?

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. హైదరాబాద్ శాలిబండలో మేముండే సందులో ప్రతి పాత ఇంటికీ ఒక కథ ఉండేది. తోటి పిల్లలు ఆ కథలు చెప్పుకుని వణుకుతుంటే నేను అవే ఇళ్ల మెట్ల మీద కూర్చుని పల్లీలు తినేవాణ్ణి. తర్వాత పైలట్‌నయ్యాను. కంటికి కనిపించింది కూడా వెంటనే నమ్మొద్దని, ముందున్న మీటర్లతో సరిచూసుకోమని మాకు నేర్పిస్తారు.

అందుకే ఇది రాయడానికి చాలాకాలం వెనకాడాను. పైగా ఇది నా కళ్ల ముందు జరిగింది కాదు. నేను లేని చోట, నా పేరు మీద జరిగింది.

మా అక్క పేరు విజయ. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయేటప్పటికి నాకు సరిగ్గా మాటలు కూడా రావు. నన్ను ఎత్తుకుని తిప్పింది, బడిలో వేసింది, పరీక్ష తప్పినప్పుడు తిట్టింది, అన్నీ అక్కే. పెళ్లయ్యాక కూడా నన్ను వదిలి వెళ్లనంటే, కరెంటు ఆఫీసులో పనిచేసే రఘు బావ మా ఇంటికే వచ్చి ఉన్నాడు. నాకు ఢిల్లీలో ఉద్యోగం. నెలకు రెండు మూడుసార్లు ఇంటికి వచ్చి వెళ్లేవాణ్ణి.

అక్కకు కాలేయంలో క్యాన్సర్ అని తెలిసేసరికే ఆలస్యమైపోయింది. మలక్‌పేటలో ఒక ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు.

ఇక్కడ మా ప్రయాణాల సంగతి కొంచెం చెప్పాలి. మా సంస్థ విమానాల్లో మాకు స్టాండ్‌బై టికెట్ ఇస్తారు. టికెట్ కొన్నవాళ్లంతా ఎక్కాక సీటు మిగిలితే మనది, లేకపోతే లేదు. పైలట్లకు మాత్రం ఇంకొక దారి ఉంది. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనక ఒక మడత సీటు ఉంటుంది. జంప్‌సీట్ అంటాం. దానికి ముందుగా కంప్యూటర్లో పేరు పెట్టుకోవాలి, కెప్టెన్ ఒప్పుకోవాలి, ఒంటి మీద యూనిఫాం ఉండాలి. ఎవరి పేరు ముందు ఎక్కితే ఆ సీటు వాళ్లది. గేటు దగ్గర ఎంత మొత్తుకున్నా వరస మారదు.

ఆరోజు పొద్దున నేను జైపూర్‌లో ఉన్నాను. ఢిల్లీకి తిరిగి బయల్దేరబోతుంటే బావ ఫోన్ చేశాడు.

"ఇయ్యాలనే రా రా శ్రీకాంత్. రేపొస్తనని అనకు" అన్నాడు.

ఢిల్లీలో దిగాక హైదరాబాద్‌కు మధ్యాహ్నం విమానం ఉంది. ప్రయాణికుల క్యాబిన్ నిండిపోయింది. జంప్‌సీట్ ఒక్కటే దిక్కు. నేను గాలిలో ఉండగానే పేర్లు తీసుకోవడం ఆపేస్తారు. విమానం తలుపులు వేస్తున్నారు, నాకు ఫోన్ తెరిచి అవన్నీ నింపే వ్యవధి లేదు. కిరణ్‌కు ఫోన్ చేశాను.

కిరణ్, నేను కలిసి ట్రైనింగ్ చేశాం. ఢిల్లీలో ఒకే గదిలో ఉన్నాం. వాడిది మలక్‌పేట. ఇంటి నుంచి నేను తిరిగి వెళ్లేటప్పుడు అక్క వాడికీ ఒక డబ్బా కట్టిచ్చేది. మటన్ తింటే పడదని వాడికి విడిగా చికెన్ వండేది. వాడు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాడు. ఆరోజు వాడికి సెలవు.

"నా పేరు జంప్‌సీట్‌కు పెట్టు కిరణ్. అక్కకు అస్సలు బాగాలేదు" అన్నాను.

"నువ్వు ఫికర్ చెయ్యకు రా. గిప్పుడే పెడ్త. దిగంగనే సీదా గేటుకు పో."

ఆ మాట మీద నిశ్చింతగా విమానం నడిపాను.

ఢిల్లీలో దిగి, యూనిఫాంలోనే గేటు దగ్గరికి పరిగెత్తాను. అక్కడున్న అమ్మాయి నా కార్డు చూసి, "సర్, మీ పేరు క్యాబిన్ స్టాండ్‌బైలో ఉంది. జంప్‌సీట్ ఇంకొకరికి ఇచ్చేశారు" అంది.

ఎవరికి అని అడిగాను. కిరణ్ పేరు చెప్పింది.

ఏదో పొరపాటు అనుకున్నాను. తల ఎత్తి చూస్తే అద్దాల అవతల వాడే, యూనిఫాంలో, బ్యాగు లాక్కుంటూ విమానం వైపు వెళ్తున్నాడు. గట్టిగా పిలిచాను. ఒక క్షణం ఆగాడు. వెనక్కి తిరగలేదు. మళ్లీ నడక మొదలుపెట్టాడు.

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది, ఆ తర్వాత స్విచాఫ్. నా పరిస్థితి చూసి గేటు అమ్మాయి లోపలికి ఫోన్ చేసింది. పేరున్న మనిషి తనంతట తాను సీటు వదులుకుంటే తనకేం అభ్యంతరం లేదని కెప్టెన్ అన్నాడట. ఆమె కిరణ్‌ను అడగమంది. తర్వాత నా మొహం చూడకుండా చెప్పింది.

"ఆయన వదులుకోనంటున్నారు సర్."

క్యాబిన్‌లో ఒక్క సీటూ మిగల్లేదు. విమానం తలుపు వేశారు. అది వెనక్కి జరిగి వెళ్లిపోవడం అద్దంలోంచి చూశాను. నాకు కోపం కూడా రాలేదు. అక్కడే కూర్చుండిపోయాను.

తర్వాతి విమానంలో క్యాబిన్ సీటు దొరికింది. యూనిఫాం అవసరం లేదు కాబట్టి బాత్రూంలోకి వెళ్లి మామూలు చొక్కా, ప్యాంటు వేసుకున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మీకు తర్వాత అర్థమవుతుంది.

శాలిబండ చేరేసరికి చీకటి పడింది. మా ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. అవి చూడగానే తెలిసిపోయింది. మెట్లెక్కి పైకి వెళ్తే అక్కను నేల మీద పడుకోబెట్టారు. నేను గుమ్మం దాటకముందే బావ లేచి వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"ఎటు పోయినవ్ రా? డాక్టర్‌ను తోల్కొస్తనని పోతివి, మళ్ల రాకపోతివి. ఫోన్ గూడ బంద్ పెట్టినవ్. గిట్ల చేస్తరా ఎవరన్న?"

నాకు అర్థం కాలేదు. బావ నన్ను కిందికీ పైకీ చూశాడు.

"బట్టలెప్పుడు మార్చుకున్నవ్?" అన్నాడు.

నేను ఇప్పుడే వస్తున్నానని చెప్పాను. బావ వినలేదు. దుఃఖంలో మతి తప్పిందనుకుని నీళ్లు తాగించాడు.

జరిగింది బావ తర్వాత చెప్పాడు. సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ అయిన కాసేపటికి నేను వచ్చానట. యూనిఫాంలో, చేతిలో నల్ల బ్యాగుతో. బూట్లు కూడా విప్పకుండా, చిన్నప్పుడు పడుకునేట్టే అక్క మంచం పట్టె మీద తల ఆనించానట. అక్క కళ్లు తెరిచి నన్ను చూసి నవ్విందట. రెండు రోజులుగా ఎవరినీ గుర్తుపట్టని మనిషి, "వచ్చినవా? ఇగ నాకేం ఫికర్ లేదు" అందట. నా చెయ్యి పట్టుకుని వదల్లేదట. ఎగశ్వాస మొదలయ్యేసరికి నేను చెయ్యి విడిపించుకుని, "డాక్టర్‌ను తోల్కొస్త" అని కిందికి దిగానట. నేను దిగిన నిమిషానికే ఆమె పోయింది.

ఆ సమయానికి నేను ఢిల్లీలో, గేటు దగ్గర కూర్చుని ఉన్నాను.

బావకు చాలా రోజులుగా నిద్ర లేదు. భ్రమ పడి ఉంటాడని అనుకున్నాను. కానీ మా ఎదురుగా షేర్వానీలు కుట్టే యూసుఫ్ భాయ్ కూడా అదే మాట చెప్పాడు. ఆయన నన్ను నిక్కర్ల కాలం నుంచి ఎరుగును.

"మై సలాం బోలా తో జవాబ్ నై దియే మియా. సీదా ఊపర్ చలే గయే. బహన్ కా గమ్ హై, ఏం అనుకుంటం" అన్నాడు. సలాం చెప్పినా పలకకుండా నేను నేరుగా పైకి వెళ్లిపోయానట, అక్క గురించిన బాధలే అని ఆయన సరిపెట్టుకున్నాడట.

నేను కిందికి దిగి వెళ్లడం చూశారా అని అడిగాను. ఆలోచించి, చూడలేదన్నాడు. మా ఇంటికి మెట్లదారి ఒకటే. అది ఆయన కుట్టుమిషన్‌కు ఎదురుగానే ఉంటుంది.

అక్కకు నొప్పి ఇంజక్షన్ ఇవ్వడానికి ఒక నర్సు వచ్చేది. ఆమె అంతకుముందు నన్నెప్పుడూ చూడలేదు. వెతుక్కుంటూ వెళ్లి కలిస్తే, నేను అడగకముందే నన్ను గుర్తుపట్టింది. "మీరే కదన్నా ఆరోజు సూదిచ్చేటప్పుడు అక్క చెయ్యి కదలకుంట పట్టుకున్నది" అంది.

సందు మొదట్లో ఒక దుకాణానికి కెమెరా ఉంది. దుఃఖంలో నాకు ఆ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. అడిగేసరికి పాతదంతా చెరిగిపోయింది.

మిగిలింది కిరణ్. వాడు ముందే దిగాడు, యూనిఫాంలో ఉన్నాడు, ఇల్లు తెలుసు. సిగ్గుపడి అక్కను చూడడానికి వెళ్లి ఉంటాడని, జనం కంగారులో నేననుకున్నారని ఒక దారి కనిపించింది. నిజం చెప్పాలంటే అదే కావాలని కోరుకున్నాను. వాడు నాకంటే జానెడు పొడవు, గడ్డం ఉంటుంది. అయినా కోరుకున్నాను.

కర్మలు అయ్యాక వాడే వచ్చాడు. పైకి రాలేదు. కింద యూసుఫ్ భాయ్ దుకాణం పక్కన నిలబడి ఫోన్ చేశాడు. నేను దిగి వెళ్లాను.

"ఆరోజు మా ఇంటికొచ్చింది నువ్వేనా?" అని అడిగాను.

"ఏ మొకం పెట్టుకొని వస్త రా? ఎయిర్‌పోర్ట్ నుంచి మా మామ కార్ల తోల్కపోయిండు. వాళ్లింట్ల దావత్ ఉండె. పొద్దుగాల్నే వస్తనని చెప్పి ఉంటి. నువ్వు అడిగేసరికి నా పేరు పెట్టుకొనే ఉన్న. నీతోని ఆ మాట చెప్పనీకి నోరు రాలె, నీ పేరు స్టాండ్‌బైల పెట్టిన. తర్వాత విమానానికి వస్తవ్ గదా, సాయంత్రం దాకా అక్కకేం కాదు అనుకున్న."

దావత్. నేను ఆ మాట రెండుసార్లు లోపల అనుకున్నాను.

వెళ్లే ముందు వాడు ఇంకొకటి చెప్పాడు. విమానం లేచినప్పటి నుంచి దిగేదాకా, తన సీటు వెనక తలుపుకు ఆనుకుని నేను నిలబడి ఉన్నట్టే అనిపించిందట. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదట. దాన్ని నేను సాక్ష్యంగా లెక్కించను. తప్పు చేసినవాడికి అలాంటివి అనిపిస్తాయి. తర్వాత ఆ కెప్టెన్‌తోనే ఒకసారి ప్రయాణం చేశాను. ఆరోజు కాక్‌పిట్‌లో మూడో మనిషి కిరణ్ ఒక్కడేనని, దారి పొడవునా మాట్లాడలేదని చెప్పాడు. అంతే.

కిరణ్‌తో నాకు మాటల్లేవు. ఒకే సంస్థలో ఉన్నాం కాబట్టి ఎదురుపడతాం, పక్కకు తప్పుకుంటాం.

బావకు నా రెండో విమానం బోర్డింగ్ పాస్ చూపించాను. తీసుకుని కూడా చూడలేదు. మొదటిసారి నా మీద గొంతు పెంచాడు.

"నువ్వు రాలేదంటే, మీ అక్క ఎవని చెయ్యి పట్టుకున్నట్టురా? ఆ మాట నా ముందల మళ్ల అనకు. వచ్చింది నువ్వే. ఊకో ఇగ."

నేను మళ్లీ అనలేదు. మా చుట్టాలందరికీ ఆఖరి ఘడియల్లో అక్క పక్కన ఉన్న తమ్ముణ్ణి నేను. అదృష్టవంతుడివి అంటారు. తల ఊపుతాను.

ఆ వచ్చిందెవరో, ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పగటిపూట, ముగ్గురు చూశారు. అక్క ప్రశాంతంగా పోయిందని సంతోషించాలని నాకూ తెలుసు. కానీ నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. కిరణ్ సీటు తీసుకున్నాడు, సరే, వాడు బయటివాడు. మెట్ల మీద నా అడుగుల చప్పుడు విని, ఏ రోజు నా మనసు ఎలా ఉందో చెప్పగలిగిన అక్క, తన చేతిలో ఉన్న చెయ్యి నాది కాదని ఎలా తెలుసుకోలేకపోయింది? నన్నే అనుకుని దానికి ఎందుకు నవ్వింది?