తొందరపడి చెప్పిన సాక్ష్యం

కంటికి ఆనని వాటిని కూడా పొరపాటు లేకుండా అమర్చిన దేవునికి స్తోత్రం. నా తప్పును నా నోటితోనే చెప్పించినందుకు కూడా ఆయనకే స్తోత్రం.

మాది గిద్దలూరు. నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. ఒంట్లో క్రిములు చేరినా, కీళ్లు వాచినా మన కణాలు కొన్ని ప్రోటీన్ల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు ప్రోటీన్ ఎక్కడుందో చూడడానికి మేము ఒంటెల రక్తంలో దొరికే చిన్న రకం యాంటీబాడీని వాడతాం. మామూలు యాంటీబాడీలో అది పదోవంతు, కాబట్టి ఇరుకు చోట్లకూ చేరుతుంది. దానికి మెరిసే రంగు తగిలిస్తే, ప్రోటీన్‌ను పట్టుకున్న చోట వెలుగు కనిపిస్తుంది.

ఒక శుక్రవారం మైక్రోస్కోపులో కణాలు పచ్చగా మెరిశాయి. మేలు పొందినవాళ్లు దాన్ని మరో ఆదివారానికి దాచుకోకూడదని మా సంఘంలో అలవాటు. శనివారం ఊరికి బస్సెక్కాను. ఆదివారం ఆరాధనలో లేచి, ఒంటె యాంటీబాడీ గురించీ మెరిసే రంగు గురించీ వివరించి, దేవుడు నా పని సఫలం చేశాడని సాక్ష్యం చెప్పాను. చప్పట్లు మోగాయి.

"బైబిల్లో సూదిబెజ్జంలో దూరని ఒంటెను కణంలోకి దూర్చినావు గదమ్మా!" అని పాస్టరయ్యగారు నవ్వించారు.

ఆరాధన అయ్యాక, కొమరోలు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు వాచి వంకర్లు తిరిగి ఉన్నాయి.

"నా ఏళ్లలో ఏముందో మీ రంగు చూపిస్తాదా పాపా? ఎప్పుడు రమ్మంటావు?"

"తొందర్లోనే పెద్దమ్మా" అనేశాను.

సోమవారం, ఆ ప్రోటీనే లేకుండా చేసిన కణాల మీద యాంటీబాడీని వేసి చూశాను. అవి చీకటిగా ఉండాలి. అవీ అంతే పచ్చగా మెరిశాయి. నా యాంటీబాడీ దొరికినదానికల్లా అంటుకుంటోంది. ఈ పరీక్ష చెయ్యకముందే సాక్ష్యం చెప్పేశాను.

అమ్మకు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం నా సాక్ష్యం దిద్దుకుంటానని చెప్పాను.

"ఏంది, మళ్లీ లేచి కాదని చెప్తావా? పరువు పోతాదే! ఆ కొమరోలు పెద్దమ్మకు ఇంటికాడ చెప్పు, చాలు."

"అందరి ముందర నిలబడి చెప్పినాను మా. నిలబడే దిద్దుకోవాల."

మరుసటి ఆదివారం ఆరాధనలో లేచాను. "పోయిన వారం నేను చెప్పింది నిజం కాదు" అని, జరిగిందంతా చెప్పాను. పెద్దమ్మ వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆమే గొంతెత్తింది.

"నా ఏళ్లు యాడికీ పోవులే పాపా, నిదానంగా చెయ్యి. ఈసారి మాత్రం రెండుసార్లు చూసి నోరు తెరువు!"

అందరికన్నా ముందు నవ్వింది మా అమ్మే.

ఆ తర్వాత మా దగ్గరున్న యాంటీబాడీలన్నీ మళ్లీ వడపోసి ఇంకొకటి ఎంచుకున్నాను. ప్రోటీన్ ఉన్న కణాలు మెరిశాయి, లేనివి చీకటిగానే ఉన్నాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఇక కీళ్లవాపు ఉన్నవాళ్లు ఇష్టపడి ఇచ్చిన నమూనాల మీద చూడాలి. వచ్చే వారమే ఆ పని మొదలుపెడుతున్నాను.

చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి. ఆ పెద్దమ్మ వేళ్ల కోసం ప్రార్థించండి. ఫలితం ఎలా వచ్చినా దాన్ని ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పే నోరు ప్రభువు నాకు ఇవ్వాలని అడగండి. ఆమేన్.