రివ్యూయర్‌గారికి కృతజ్ఞతలతో

2014 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో భాషా సలహాదారుగా చేరాను. ఆ వృత్తి నుంచి ఇప్పుడు రిటైరయ్యాను. ముప్పై ఎనిమిదేళ్లకు రిటైరవడమేమిటని మా అత్తగారు అడుగుతుంటారు. మానేశానంటే ఇంకా ఎక్కువ అడుగుతారు కాబట్టి ఆ మాటే ఉంచాను.

హోదా పేరు గంభీరమే గానీ పని ఇది: ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పరిశోధకులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలను పత్రికలకు పంపే ముందు సరిచూడటం. చైనావాళ్లు, టర్కీవాళ్లు, బ్రెజిల్‌వాళ్లు, మధ్యలో మనవాళ్లు. నా పైన మార్గరెట్ అనే మేనేజరు. మొదటిరోజే ఆవిడ ఒక నియమం చెప్పింది. భాషను ముట్టుకో, విషయాన్ని ముట్టుకోకు. అనుమానం వస్తే మార్జిన్‌లో 'మీ ఉద్దేశం ఇదేనా?' అని రాయవచ్చు, అంతకు మించి కూడదు. కానిస్టేబుల్‌కి లాఠీ ఇచ్చి, చూపించు గానీ ఎత్తకు అన్నట్టు.

నవంబరులో సుజాత ఫైలు వచ్చింది. అనంతపురం జిల్లా ఆవిడ. పీహెచ్‌డీ అయ్యాక రెండేళ్ల కాంట్రాక్టు మీద వేరుశనగలో పట్టే విషపు బూజు గురించి పరిశోధిస్తోంది. కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది. ఈలోగా ఈ వ్యాసాన్ని పత్రిక అంగీకరిస్తే పొడిగిస్తారు. లేకపోతే ఉద్యోగం, దాని వెనకే వీసా, దాని వెనకే ఫ్లాట్, వరసగా పోతాయి.

వ్యాసం అందగానే పత్రిక సంపాదకుడు దాన్ని ఇద్దరు నిపుణులకు చూపిస్తాడు. వీళ్లు రివ్యూయర్లు. పేర్లు బయటపెట్టరు. మొదటివాడు బాగుందన్నాడు. రెండోవాడు, మా వృత్తిలో గొడవ ఎప్పుడూ రెండోవాడితోనే, బూజు గోదాముల్లో తప్ప ఇంకెక్కడా మొదలవదనీ, కాయలు ఒలిచే పద్ధతి మీద రాసిన భాగం అనవసరమనీ, తీసేయమనీ రాశాడు. ప్రతి వ్యాఖ్యకూ రచయిత జవాబు రాసి, సవరించిన వ్యాసంతో కలిపి పంపాలి. నా బల్లమీదికి వచ్చింది ఆ జవాబే.

'గౌరవనీయులైన రివ్యూయర్‌గారు చెప్పింది నిజం. ఆ భాగాన్ని తొలగించాం. మా తప్పును మన్నించగలరు.'

ఇంగ్లీషు నిక్షేపంగా ఉంది. చిక్కల్లా, ఆవిడ తొలగించింది వ్యాసాన్నే. ఆ భాగం తీసేస్తే మిగిలేది కొన్ని పటాలు, గోదాముల్లో తేమ ఉంటుందన్న సంగతి. అది గోదాములకి కూడా తెలుసు. మార్జిన్‌లో 'మీ ఉద్దేశం ఇదేనా?' అని రాశాను. 'ఎస్ సర్' అని తిరిగొచ్చింది. నా లాఠీ అక్కడితో అయిపోయింది.

క్యాంటీన్ గురించి మార్గరెట్ నియమాల్లో ఏమీ లేదు. అక్కడికి రమ్మన్నాను.

"సుజాత గారూ, ఆ ఒలిచే సంగతి నిజంగా తప్పా అండీ?"

"తప్పేందన్నా, కండ్లారా చూసినా గదా! చేత్తో ఒలిచేవాళ్లు కాయలు నీళ్లలో తడుపుతారు, తొక్క మెత్తబడల్లని. తడపకుంటే గోర్లు ఊడొస్తాయి. ఆ తడితోనే మూట గడ్తారు. బూజు ఆడనే మొదలైతాది."

"మరి ఆయన చెప్పిందే నిజమని రాశారేంటి?"

"పెద్దాయన గదన్నా. ఎదురు చెప్తే బాగుంటాదా?"

"పేరే తెలీదు. పెద్దాయనని ఎలా తెలుసండీ?"

"ఆ కోపం చూస్తే తెలీదా?"

మన విశ్వవిద్యాలయాల్లో వైవా చేసే ఆచార్యుడు పొరపాటు మాట్లాడినా 'అవును సార్' అనేసి, బయటికొచ్చి టీ తాగడం ఆచారం. 'అవును సార్' అక్కడ నమస్కారంతో సమానం. ఇక్కడి సంపాదకుడు దాన్ని వాంగ్మూలం కింద రాసుకుంటాడు. రచయితే తప్పని ఒప్పుకున్నాక ఆయన మాత్రం ఎవరిని కాపాడాలి? ఈ సంగతి చెప్పేసరికి ఆవిడ చేతిలో కప్పు ఆగిపోయింది.

"అంటే నా పేపర్‌ని నేనే చంపుకుంటాండానా?"

"చంపి, క్షమాపణ కూడా చెప్పారు."

ఇందులో విషాదమేమీ లేదనీ, ఫైలు ఇంకా పంపలేదనీ గుర్తుచేశాను. అదే రివ్యూయర్ ఎదురుగా కూర్చుంటే ఏమంటారని అడిగాను.

"ఆయప్ప బతుకులో ఒక్క చెనిక్కాయన్నా ఒలిచినాడా?"

పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

"అదే రాయండి."

"అట్ల రాస్తే కొడతాడన్నా!"

"అట్లాగే కాదు. ముందు థాంక్స్ చెప్పాలి. ఈ దేశంలో ఎంత గట్టిగా కాదనాలంటే అంత ఎక్కువ థాంక్స్ చెప్పాలి."

రెండు రోజులకు కొత్త జవాబు వచ్చింది. రాసింది ఆవిడే, నేను రెండు కామాలు కదిపాను. 'విలువైన ఈ పరిశీలనకు రివ్యూయర్‌గారికి కృతజ్ఞతలు. ఈ ప్రాంతం వెలుపలివారికి ఈ పద్ధతి అంతగా పరిచయం లేకపోవచ్చు. అందువల్ల ఆ భాగాన్ని మరింత వివరించాం.' తీసేయమన్న ఒక పేజీ మూడు పేజీలయింది. నెలవారీ నివేదికలో మార్గరెట్ ఈ కేసును 'స్వల్ప భాషా సవరణ' కింద చేర్చింది.

ఫిబ్రవరిలో అంగీకారం వచ్చింది. తాను మొదట్లో సూచించినట్టే ఆ భాగాన్ని విస్తరించినందుకు రెండో రివ్యూయర్ రచయితలను అభినందించాడు. సుజాత ఫోన్ చేసింది.

"తీసేయమన్నాడు గదన్నా! ఇప్పుడు తానే చెప్పినానంటాడు!"

"థాంక్స్ చెప్పండి" అన్నాను.

చెప్పింది. కాంట్రాక్టు ఏడాది పొడిగించారు.

అప్పటి నుంచి ఎవరి ఫైలు వచ్చినా వ్యాసం కంటే ముందు రివ్యూయర్లకు రాసిన జవాబులు చదివేవాణ్ణి. వ్యాసంలో తప్పులుంటే పత్రిక తిప్పి పంపుతుంది, దిద్దుకోవచ్చు. మర్యాద కొద్దీ ఒప్పుకున్న తప్పును మాత్రం ఎవరూ తిప్పి పంపరు.