బిగింపు మేస్త్రీ చెయ్యి

తాతయ్య కట్టేసిన కుళాయిని మళ్ళీ తిప్పగలిగే మనిషి ఆ ఇంట్లో లేడు. ఆయన బిగించిన మంచినీళ్ళ సీసా మూతకి అమ్మమ్మ గుడ్డ చుట్టి, పళ్ళు బిగబట్టి, చివరికి తలుపు సందులో ఇరికించి తిప్పేది. "ఈయన్ని కట్టుకున్నాక నాకు దాహమే చచ్చిపోయింది" అనేది. ఆయన పనిచేసే ట్రెయిలర్ల షెడ్డులో ఎదురుగా అందరూ మేస్త్రీగారూ అనేవారు, వెనక మాత్రం బిగింపు మేస్త్రీ.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన పని నేర్చిన రోజుల్లో ట్రెయిలర్ బ్రేకులను చేత్తోనే బిగించాలి. గాలి తోస్తే కదిలే ఇనుప చెయ్యి ఒకటి ప్రతి చక్రం వెనకా ఉంటుంది. లోపల చక్రం డ్రమ్మును ఒత్తి ఆపే బ్రేకు షూ అరిగేకొద్దీ ఆ చేతికున్న బోల్టును తిప్పుతూ పోవాలి. బండి గేటు దాటే ముందు తాతయ్య జేబులోంచి స్పానర్ తీసి, చక్రం చక్రానికీ వంగి, తలా ఓ తిప్పు తిప్పేవాడు. బడికి వెళ్ళే పిల్లకి జడ సర్ది పంపినట్టు ఉండేది ఆ తిప్పడం.

తర్వాత తమంతట తామే బిగుసుకునే ఇనుప చేతులు వచ్చాయి, బోల్టు మాత్రం వాటికీ ఉంది. తాతయ్య వాటినీ నేర్చుకున్నాడు. నేర్చుకోవడమే కాదు, షెడ్డులో కనిపించినవాడినల్లా ఆపి పాఠం చెప్పేవాడు. "దీన్ని ముట్టుకోకు. అది బిగించుకుంటుంది, మీద నువ్వూ బిగించావనుకో, షూ డ్రమ్మును వదలదు. రాసుకుని రాసుకుని కాలిపోతుంది. కాలిన బ్రేకు కొండ దిగేటప్పుడు పట్టదు." విన్నవాళ్ళు తలూపి, మళ్ళీ దొరక్కుండా పక్కదారిన పోయేవారు.

కాలింది మాత్రం పిన్ని బండే. పిన్ని తాతయ్యకు చిన్న కూతురు, ఇనుప చుట్టలు మోసే ట్రెయిలర్ నడుపుతుంది. ఆమె దారిలో ఒక కొండ ఉంది. ఎక్కడం ఇంజను చూసుకుంటుంది, దిగడం బ్రేకు చూసుకోవాలి. ఒకరోజు ఆ కొండ దిగుతుంటే వెనక ఎడమ చక్రం పొగ చిమ్మింది. ఎలాగో ఓ ఇసుక దిబ్బకి ఆనించి ఆపింది. ఆ మాట విన్నాక తాతయ్యకి అన్నం సయించలేదు.

బండి రాగానే జాకీ మీద లేపి చక్రం తిప్పితే కదల్లేదు. షూలను వెనక్కి లాగే స్ప్రింగు మార్చాడు. గాలి గొట్టం విప్పి ఊది చూశాడు. పార్కింగ్ బ్రేకు పూర్తిగా వదులుతోందో లేదో చూశాడు. బుష్షులు కొత్తవి వేశాడు. చివరికి ఆ ఇనుప చేతినే పీకి కొత్తది బిగించాడు. చక్రం గాలిపంకాలా తిరిగింది. పిన్ని వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ అదే కాలిన వాసన.

"నాన్నా, వేరే షెడ్డులో చూపించనా?" అంది పిన్ని మెల్లగా.

తాతయ్య టైరు మీద కూర్చుండిపోయాడు. "చూపించు. వాళ్ళు మాత్రం ఏం చూస్తారు, నేను చూడనిది?" అన్నాడు. గొంతులో గర్వం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు ఉంది.

కాసేపటికి ఆయనే తేల్చాడు. "ఎవడో చెయ్యి పెడుతున్నాడు. నేను వదులు చేసి పంపుతుంటే ఎవడో వెనక నుంచి బిగిస్తున్నాడు."

"ఎవడు?"

"అది తేల్చాలిగా. సుద్ద పట్రా."

బోల్టు మీద నుంచి ఇనుప చేతి మీదికి సుద్దతో ఒకే గీత గీశాడు. ఎవరు తిప్పినా గీత విరుగుతుంది. వాచ్‌మన్ మీద ఓ కన్ను, పెయింటరు మీద ఓ కన్ను వేసి, మధ్యాహ్నమంతా అక్కడే కాపలా కూర్చున్నాడు. అన్నం తెచ్చిన అమ్మమ్మని కూడా అనుమానంగానే చూశాడు. "నేను మీ సీసా మూతే తిప్పలేను, బోల్టులు తిప్పుతానా" అందావిడ.

లోడు ఎక్కింది. పిన్ని ఇంజను వేసింది. తాతయ్య ఎప్పటిలాగే సాగనంపడానికి బండి వెనకే గేటుదాకా నడిచాడు. మోకాళ్ళు అరిగాక చక్రాలన్నీ చుట్టి రావడం మానేసి చాలా కాలమైంది. గేటు దగ్గర చివరగా అందేది వెనక ఎడమ చక్రమే.

"ఒక్కసారి గీత చూసి వెళ్తాను" అని పిన్ని దిగి వచ్చింది. వంగింది. గీత విరిగి ఉంది.

"చెప్పానా, ఎవడో..." అంటూ తాతయ్య వాచ్‌మన్ వైపు తిరిగాడు.

పిన్ని మాత్రం తండ్రి చేతికేసి చూస్తోంది. ఆ చేతిలో స్పానర్ ఉంది. స్పానర్ మూతికి తెల్లగా సుద్ద అంటి ఉంది.

తాతయ్య కూడా చూశాడు. ఎప్పుడు తీశాడో, ఎప్పుడు వంగాడో ఆయనకే తెలియదు. ఆ బోల్టు విప్పేటప్పుడు గరగరమంటుంది, బిగించేటప్పుడు నోరు మెదపదు. తెలిసే దారి కూడా లేదు.

"నేను తిప్పలేదే" అన్నాడు. ఆ మాట ఆయనకే నమ్మకంగా లేదు.

"తెలుసు నాన్నా."

"ముట్టుకోవద్దని అందరికీ చెప్పేది నేనే కదే."

"అదీ తెలుసు."

పిన్ని స్పానర్ అడగలేదు. మెల్లగా ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకుంది. తనే వంగి బోల్టును గరగరలాడిస్తూ వదులు చేసింది, క్యాబిన్ ఎక్కింది. స్పానర్ కూడా ఆమెతోనే ఎక్కింది. బండి గేటు దాటింది. తాతయ్య చెయ్యి గాల్లో అర తిప్పు తిరిగి ఆగింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం కొండ కింద నుంచి పిన్ని ఫోన్ చేసింది. "దిగేశాను. డ్రమ్ము గోరువెచ్చగా ఉంది, అంతే."

"చేత్తో పట్టుకుని చూశావా?"

"పట్టుకునే మాట్లాడుతున్నాను."

తాతయ్య ఫోన్ పెట్టేశాడు. "నేను చెయ్యి వెయ్యకపోతేనే బాగుందట" అన్నాడు.

"మంచిదేగా" అంది అమ్మమ్మ.

"మంచిదే. ఇంక దానికి నేనేం చెయ్యను మరి?"

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. కుళాయి కట్టబోయి సగంలో ఆగాడు. ఎక్కడిదాకా తిప్పాలో తెలియనివాడిలా దానికేసి చూసి, అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ కుళాయి తన చేతికి లొంగేలా ఉన్నా, అమ్మమ్మ దాన్ని ముట్టుకోలేదు.