అన్సెల్మ్ తాత టోపీ

పేకాటలో చేతికి రాణి వస్తే అన్సెల్మ్ తాత లేచి నిలబడి టోపీ తీసేవాడు. రాజు వచ్చినా అంతే. అందుకే మోంతోర్బ్ ఊరి కెఫేలో ఆయన ఒక్క ఆటా గెలవలేదు. ఆయన చేతిలో ఏముందో వీధిలో పోయే కుక్కకు కూడా తెలిసిపోయేది.

"కూర్చో బాబాయ్, అది అట్టముక్క," అనేవాడు మాంసం కొట్టు గాస్పార్.

"అట్టముక్కేలేరా. మనం మనుషులం కదా."

కూర్చుని, ఇంకో ముక్క చూసి మళ్లీ లేచేవాడు.

ఫ్రెంచి విప్లవంలో తలలు పోగొట్టుకున్న రాజూ రాణీ అంతకుముందు పారిపోతూ తమ ఊళ్లోనే గుర్రాలు మార్చుకున్నారని అక్కడి జనం నమ్మకం. రాజు మందమతి, రాణి పొగరుబోతు అని పసిపిల్లలు కూడా చెప్పేవారు. తాత మంగలి. గడ్డం గీస్తూనే వాదించేవాడు.

"రొట్టె లేకపోతే కేకు తినమని ఆవిడ అనలేదురా."

"నువ్వు విన్నావా?"

"నువ్వు విన్నావా? తల కదపకు."

గొంతు మీద కత్తి ఉండగా రాణిగారి మీద అంతకు మించి ఎవరూ మాట్లాడేవారు కాదు.

ప్రతి వేసవిలో ఆ పారిపోవడాన్ని నాటకంగా ఆడేవారు. రాజు వేషం తాతదే. బండి చర్చి ముందుకు రాగానే జనం కుళ్లిన టమాటాలు విసరాలి. తాత తన వెడల్పాటి టోపీ తీసి కిటికీకి అడ్డం పట్టుకునేవాడు. రాణి ఎవరికీ కనబడేది కాదు. "జనం తన మొహమే చూడాలని ముసలాడి ఆశ," అని ఊరు విసుక్కునేది.

ఒక ఏడాది రాణి వేషం రొట్టెల కొట్టు పెరీన్‌కి ఇచ్చారు. గాస్పార్ కొడుకుతో కుదిరిన పెళ్లిని ఆమె అంతకుముందే వద్దనేసింది. పెళ్లి ఆగినందుకు కాదు, విందు పోయినందుకు ఊరికి మంట. వేషం తనకెందుకిచ్చారో, టమాటాలు ఎవరి కోసమో పెరీన్‌కి తెలుసు. నవ్వులపాలైతే మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, పట్నంలో పిన్ని దగ్గరికి వెళ్లిపోవాలని ఇంట్లో పెట్టె సర్దిపెట్టుకునే బండెక్కింది.

"కిటికీ పక్క చోటు నాది. లోపలికి జరుగమ్మా," అన్నాడు తాత.

చర్చి వచ్చింది. టోపీ మీద దబదబా మోత. లోపల పెరీన్ మీద ఒక్క చుక్క పడలేదు. తాత చెవిలోంచి మాత్రం రసం కారుతోంది.

"ప్రతి ఏడాదీ ఇంతేనా తాతా?"

"మొదటిసారి పోస్టాఫీసు లూసీకి కంట్లో తగిలింది. అప్పట్నుంచీ ఇంతే."

"ఊళ్లో నీకు పొగరంటారు."

"రాజుని కదా, అననీ. నీకైతే జుట్టుంది, కడుక్కోవాలి. నాకేముంది?"

అంతలో ఒక పెద్ద పండు టోపీ పైనుంచి ఎగిరిపోయింది.

"అది గాస్పార్‌ది. వాడికి గురి లేదు."

ఆ వేసవి తలచుకుంటే పెరీన్‌కి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది టమాటా వాసనే.

అయినా మర్నాడు పొద్దున పెట్టెతో బస్సు దగ్గరికి వచ్చింది. బస్సు ఆగేది కెఫే ఎదుటే. లోపల పేకాట నడుస్తోంది. ఆమెను చూసి తాత లేచాడు. ఇంకా తడి ఆరని టోపీ తీశాడు.

"రాణి వచ్చిందిరా ముసలాడికి," అన్నాడు గాస్పార్. ఎలాగూ రాణి కొడుతుందని పై ముక్క దాచుకుని చిన్నది వేశాడు. ఆట తాతదయింది. గాస్పార్ ఆయన ముక్కలు తిరగేసి చూశాడు.

"రాణి ఏది బాబాయ్?"

తాత చూపు గుమ్మం వైపే ఉంది. పెరీన్ పెట్టె మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. బస్సు ఆమె వెనకనుంచి వెళ్లిపోయింది.

అప్పుడు తాత టోపీ పెట్టుకుని, కూర్చుని, ముక్కలు కలిపాడు.