అమ్మ ఇంట్లో అద్దెమనిషి

మా అమ్మ పోయిన నెల రోజులకు ఆమె పేరనే భృతి కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. విచారణకు స్వయంగా హాజరు కావాలట, రాకపోతే తగిన చర్య తీసుకుంటారట. పోయినావిడ మీద ఇంకేం చర్య తీసుకుంటారో వాళ్ళకే తెలియాలి. నేను మరణ ధ్రువపత్రం పట్టుకుని వెళ్తే, బల్ల వెనక గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అయితే వారసులు మీరేగా, కూర్చోండి అన్నాడు.

సంగతేమిటంటే, భర్త పోయి ఒంటరిగా బతికే ఆడవాళ్ళకు ఇచ్చే భృతి అమ్మకు వచ్చేది. కానీ అమ్మ ఒంటరిగా లేదనీ, ఇంట్లో ఒక మగమనిషితో కాపురం చేసిందనీ పై అంతస్తు పుణ్యాత్ముడెవరో ఉప్పందించాడు. కాబట్టి ఇన్నేళ్ళూ ఇచ్చిందంతా అమ్మ ఫ్లాటు అమ్మితే వచ్చే డబ్బులోంచి నేను తిరిగి కట్టాలి.

ఆ మగమనిషిని మేం లిఫ్టాయన అంటాం. ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేయడమే. అమ్మ ఉండే బిల్డింగులో లిఫ్టు మధ్యలో ఆగిపోయిన రోజు, లోపల ఇరుక్కున్న అమ్మ కంగారు పడకుండా తలుపు ఇవతల నిలబడి కబుర్లు చెప్పాడు. లిఫ్టు కదిలాక కూడా ఆ కబుర్లు ఆగలేదు. రిటైరైన మర్నాడు ఒక సూట్‌కేసూ, పనిముట్ల పెట్టే పట్టుకుని వచ్చేశాడు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు అమ్మ తీర్చేది. ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు బందులు చూస్తాడు, కిర్రుమంటే నూనె వేసేదాకా టీ ముట్టడు. మొదట్లో నాకాయన పొడ గిట్టేది కాదు. తరవాత నా కారు హారను బాగుచేసి పెట్టాడు, ఇక తిట్టడానికి మొహం చెల్లలేదు. అమ్మ పోయాక ఆయన్ని మా ఇంటికే తెచ్చుకున్నాను.

నేను డ్రైవింగ్ నేర్పుతాను. ఇంకొకళ్ళు చేసే తప్పులకు బ్రేకు వేయడమే నా బతుకుతెరువు. ఉన్నది ఒకే కారు, అదీ ఇవాళో రేపో అన్నట్టుంది. ఫ్లాటు డబ్బుతో ఇంకో కారు కొందామనుకున్నాను. ఈ బాకీ కడితే ఆ కారు గోవిందా.

గుమాస్తా మంచివాడే. గొంతు తగ్గించి, ఆయన అక్కడ అద్దెకున్నాడని చెప్పించండి, కేసు కొట్టేస్తాను అన్నాడు. సరేనని లిఫ్టాయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. వేరే గది, వేరే వంట, నెలనెలా అద్దె. అమ్మ మందుల పేర్లు అద్దెమనిషికి తెలియకూడదు. ఆయన అన్నిటికీ తలూపి, "నీకు నష్టం రాకూడదు అమ్మాయ్" అన్నాడు.

విచారణ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆవిడ మీకేమవుతుందంటే గది అద్దెకిచ్చినావిడ అన్నాడు. కలిసి తినేవారా అంటే లేదన్నాడు. ఆవిడ జబ్బేమిటంటే తెలియదన్నాడు. ఒక్క తప్పు లేదు. నా శిష్యుల్లో ఒక్కడైనా ఇలా చెప్పింది చెప్పినట్టు చేసుంటే నా జుట్టు ఇంత త్వరగా నెరిసేది కాదు.

"ఆవిడ పోయినప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగాడు గుమాస్తా.

"నా గదిలోనండి. ఎవరో చెప్తే తెలిసింది."

ఇది నేను నేర్పింది కాదు. నా కారు కోసం సొంతంగా కల్పించాడు. చివరి రోజుల్లో అమ్మను ఎత్తి కూర్చోబెట్టిందీ, చెంచాతో తాగించిందీ, పక్కగుడ్డలు మార్చిందీ ఈయనే. అమ్మ పోయింది ఈయన ఒళ్ళోనే. నేను గుమ్మంలో నిలబడి కళ్ళారా చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. అమ్మ వినివుంటే మా ఇద్దరికీ చీవాట్లు పెట్టేది.

"అబద్ధమండీ," అన్నాను. "ఈయన అద్దెమనిషి కాదు. మా అమ్మ మొగుడు. రాసుకోండి."

గుమాస్తా కలం పక్కన పెట్టాడు. "రాస్తే మొత్తం మీరే కట్టాలి, ఆలోచించుకోండి."

ఏడ్చుకుంటూనో తిట్టుకుంటూనో కడతానన్నాను. లిఫ్టాయన నా చెయ్యి పట్టుకుని లాగుతూ, కారు ఎలా కొంటావు అని గొణిగాడు. నా కారు సంగతి నేను చూసుకుంటాను, మీరు ముందు నిజం చెప్పి చావండి అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత, మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ అడగమని గుమాస్తాను బతిమాలుకున్నాడు. గుమాస్తా నా వంక చూశాడు, నేను తలూపాను. రాసిందంతా కొట్టేసి కొత్త కాగితం తీసుకున్నాడు.

"ఆవిడ మీకేమవుతుంది?"

"మా ఆవిడండీ," అన్నాడు లిఫ్టాయన, పక్క బల్లల వాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా.