మందిరం కప్పు మీద సోలారు పలకలు

సహోదరులారా, రెండేళ్ల క్రితం నేను నాలుగు మాటలు కలిపి మాట్లాడలేకపోయేవాణ్ణి, ఊపిరి అందేది కాదు. ఈ రోజు మీ ముందు నిలబడి సాక్ష్యం చెబుతున్నానంటే అది దేవుని కృప.

నా పేరు ఏసుపాదం, మాది కలిదిండి దగ్గర చేపల చెరువుల ఊరు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే చేపకు గాలి అందదు కాబట్టి ప్రతి చెరువుకూ డీజిల్ జనరేటరు కావాలి, వాటిని అద్దెకిచ్చి, బాగుచేసి పాతికేళ్లు బతికాను. డీజిలే నాకు అన్నం పెట్టింది, ఉన్నమాట చెప్పాలంటే అదే నాకు దేవుడైపోయింది.

మందిరంలో ఆరాధనకు జనరేటరు కూడా నాదే. అలాంటిది, రిటైరైన టీచరు రూతమ్మ గారు కానుక ఇచ్చి మందిరం కప్పు మీద సోలారు పలకలు, లోపల బ్యాటరీలు పెట్టించారు. నా పొట్ట కొట్టారనుకున్నాను. సంఘమంతా వింటుండగా, "టీచర్ గారూ, మబ్బేస్తే మీ అద్దాలు ఏం చేస్తాయండీ? భూమిలో నూనె దాచింది దేవుడు కాదాండీ?" అన్నాను. ఆ తర్వాత నేను మందిరం గడప తొక్కలేదు.

సోలారు నాలుగు రోజుల ముచ్చటని, పెట్రోలు, డీజిల్ మీద పెట్టిన డబ్బు ఎన్నటికీ పోదని అందరికీ చూపించాలన్న పంతం పట్టుకుంది. పెదవేగిలో నా భార్య సుగుణకున్న పామాయిల్ తోట అమ్మేసి, తాడేపల్లిగూడెం దారిలో కట్టబోయే పెట్రోలు బంకులో వాటా తీసుకుందామన్నాను. "ఏవండీ, దేవుణ్ణి అడిగారా?" అంది సుగుణ. ఆ ఒక్క మాటకి నెలల తరబడి ఆమెతో సరిగా మాట్లాడలేదు, ఆమె మాత్రం ఉపవాసముండి నాకోసం ప్రార్థిస్తూనే ఉంది.

అంతలో దగ్గు మొదలైంది. ఏలూరులో డాక్టరు గారు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, పొగ దగ్గరికి వెళ్లొద్దని చెప్పి, ఇంట్లో కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ పెట్టించారు. ఆ వానాకాలంలోనే తుఫాను వచ్చి, స్తంభాలు పడి, రోడ్లు మునిగి, ఊరికి కరెంటు పోయింది. నా జనరేటరే వేశారు. ఆ పొగకి ఊపిరి ఇంకా బిగిసింది, ఉన్న డీజిలూ పూటలో అయిపోయింది. ఊళ్లో కరెంటున్న చోటు మందిరం ఒక్కటే, నన్ను మంచంతో, మిషన్‌తో సహా అక్కడికి మోసుకెళ్లారు.

మందిరం నిండా ఇళ్లు మునిగినవాళ్లు, చంటిపిల్లల తల్లులు. మధ్యాహ్నమైనా ఆకాశం నల్లగానే ఉంది, బ్యాటరీ సగానికి దిగిపోయింది. మబ్బేస్తే ఏం చేస్తాయని నేనడిగిన ప్రశ్న నా ప్రాణం మీదికే వచ్చింది. అప్పుడు రూతమ్మ గారు లేచి, "ఫ్యాన్లూ లైట్లూ ఆపేయండమ్మా. ఉన్నదంతా ఆయన ఊపిరికే ఉండాలి" అన్నారు.

అంత ఉక్కలో, అన్ని దోమల్లో ఒక్కరు సణగలేదు. తల్లులు కొంగులతో పిల్లలకు విసురుతూ కూర్చున్నారు. నాకు ఏడుపాగలేదు. "ప్రభువా, వీళ్ల ప్రేమకు నేను తగను, నా నోటిని క్షమించు, ఈ పంతం నాలోంచి తీసెయ్యి" అని ప్రార్థించాను. టీచరు గారిని కూడా క్షమించమని అడగబోతే, "ముందు ఊపిరి తీసుకోండి బాబూ, తర్వాత పోట్లాడుకుందాం" అన్నారావిడ.

మర్నాడు మబ్బు విడిచి ఎండ కాసింది. కరెంటు వచ్చేదాకా నా మిషన్ ఆగలేదు, దేవునికే మహిమ! కొన్ని నెలల వైద్యం తర్వాత డాక్టరు గారే దాన్ని తీసేయమన్నారు.

తోట అమ్మలేదు, బంకు మాట మానేశాను. ఇప్పుడు చెరువుల మీద సోలారు బిగించే పని నేర్చుకుని చేస్తున్నాను. మబ్బు రోజులు అబద్ధం కాదు కాబట్టి రెండు జనరేటర్లు మాత్రం ఉంచాను. నూనె రేపేమవుతుందో, సోలారు ఎంతదూరం వెళ్తుందో నాకు తెలియదు సహోదరులారా. చేతిలో ఉన్నది పోతుందేమోనన్న భయం మనిషినెంత కఠినుణ్ణి చేస్తుందో తెలుసు, ఆ భయంలోంచి నన్ను బయటికి తెచ్చినవాడెవరో తెలుసు. మీలో ఎవరైనా అలిగి మందిరానికి దూరమై ఉంటే, ఈ ఆదివారం రండి. మీకోసం ఫ్యాన్లు ఆపుకుని కూర్చునేవాళ్లు లోపలున్నారు.