సుబ్బరత్తమ్మ కంది విత్తనం

వెలిగండ్ల దగ్గర రెండెకరాల మెట్ట సేద్యం చేసే సుబ్బరత్తమ్మ ముప్పై ఏళ్లుగా కంది విత్తనం కొనలేదు. మంచి చెట్ల గింజలు ఏరి, బూడిద పట్టించి, కుండలో దాచుకునేది.

మొన్న వేసవిలో విత్తనాల కంపెనీ మనిషి ఒకాయన వచ్చి గుప్పెడు గింజలు అడిగినాడు.

“ఎందుకు నాయనా?”

“బయటి దేశాలతో ఒప్పందం కుదిరితే, విత్తనం ఎవరి పేరున రిజిస్టరైతే వాళ్లదే పెద్దమ్మా. మీరు దాచుకోవడం కూడా కుదరకపోవచ్చు,” అని నవ్వినాడు.

ఆమె ఇవ్వలేదు. ఆయన పోయినాక ఊళ్లో పదిళ్లకు దోసెడు దోసెడు పంచింది. “అందరూ విత్తండి. ఒక్కదాని దగ్గరే ఉంటే పోతాది” అని చెప్పింది.

తొలకరికి తొమ్మిది చేలల్లో కంది మొలిచింది. మరిది ఓబులేసు చేను మాత్రం బీడుగానే ఉంది.

“నీ గింజలేమైనాయి ఓబులేసూ?”

“కంపెనీ ఆయన మళ్లా వచ్చినాడు వదినా. ఆయనకే ఇచ్చేసినా,” అని తల దించుకున్నాడు.